మచ్చగడియారం

2072 నాటికి విశాఖపట్నంలో పళ్లు తోముకుంటూనే ఒంట్లో సంగతులన్నీ తెలుసుకోవడం అందరికీ అలవాటైపోయింది. ప్రతి ఇంట్లోనూ స్నానాలగది గోడకు నిలువెత్తు అద్దం ఉండేది. దాని ముందు రెండు నిమిషాలు నిలబడితే రక్తంలో చక్కెర ఎంతుందో, గుండె ఎలా కొట్టుకుంటోందో, కాలేయం పరిస్థితి ఏమిటో అంచుల్లో ఆకుపచ్చ అక్షరాలతో చూపించేది. ప్రభుత్వం దానికి ఆరోగ్యదర్పణం అని పేరు పెట్టింది గానీ జనం ఉత్త అద్దం అనే అనేవాళ్లు. "మీ అద్దం ఏమంటోంది?" అన్నది ఆ రోజుల్లో ఇరుగుపొరుగు పలకరింపు.

అంతటి అద్దానికీ అందని జబ్బు ఒకటుండేది. అందులో అద్దం తప్పేమీ లేదు. మగవాళ్లు దాని ముందు తువ్వాలు విప్పేవాళ్లు కాదు.

డాక్టర్ తరళ పదిహేనేళ్లుగా పనిచేస్తున్నది ఆ తువ్వాలు చాటు జబ్బు మీదే. పురుషాంగం స్తంభించినప్పుడు తిన్నగా ఉండక ఒక పక్కకి వంగిపోవడం ఆ జబ్బు లక్షణం. అంగం లోపల రక్తంతో నిండే రెండు గొట్టాలుంటాయి. వాటి చుట్టూ తెల్లటి దళసరి పొర ఉంటుంది. వైద్యులు ట్యునికా అల్బుజీనియా అనే ఆ పొరకు తరళ తన పాఠాల్లో శ్వేతకంచుకం అని పేరు పెట్టుకుంది. ఆ పొర అన్ని వైపులా సమానంగా సాగితే పేచీ లేదు. కొందరికి పుట్టుకతోనే ఒకవైపు పొర పొట్టిగా ఉండి అంగం అటు వంగుతుంది. దానికి నొప్పి ఉండదు, లోపల గట్టిదనమూ తగలదు. నడివయసులో వచ్చే వంకర వేరు. దాన్ని పెరోనీ వ్యాధి అంటారు. తెలియకుండా తగిలిన చిన్న చిన్న దెబ్బలు సరిగా మానక, పొరలో ఒకచోట మచ్చ కట్టి గట్టిపడుతుంది. బుడగకి ఒక పక్కన ప్లాస్టరు అంటించి గాలి ఊదితే ఆ పక్క సాగదు, బుడగ అటే వంగుతుంది. ఇదీ అంతే. అసలు దెబ్బే తగలాలని కూడా లేదు. వంశంలో ఉన్నవాళ్లకీ, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకీ, బాగా పొగతాగేవాళ్లకీ ఫలానా కారణమని చెప్పలేకుండానే వస్తుంది.

మొదటి ఏడాది, ఏడాదిన్నర మచ్చ పెరుగుతూ ఉంటుంది, నొప్పి పెడుతుంది. తర్వాత నొప్పి పోతుంది, వంకర నిలిచిపోతుంది. పెరుగుతున్నప్పుడు చేసే వైద్యం వేరు, నిలిచిపోయాక చేసేది వేరు. అందుకే వైద్యుడు ముందుగా అడిగే ప్రశ్న ఎప్పుడు మొదలైందని. సరిగ్గా ఆ ప్రశ్నకే మగవాళ్లు అబద్ధం చెప్పేవాళ్లు. రెండేళ్లు దాచుకుని వచ్చి మొన్ననే అనేవాళ్లు. నేల చూపులు చూస్తూ ఏదో ఒక నెల పేరు చెప్పేవాళ్లు.

వాళ్ల సిగ్గు చూసి జాలిపడి తరళ ఒక యంత్రం కనిపెట్టింది. మచ్చలోని కొల్లాజెన్ పోగులు వారం వారం ఒకదానితో ఒకటి ముడిపడుతూ ముదురుతాయి. ఆ ముడులను ధ్వని తరంగాలతో లెక్కపెట్టి, మచ్చ వయసెంతో, అది పెరుగుతోందో నిలిచిందో చెప్పే యంత్రం అది. పత్రికల్లో దాన్ని క్షతకాలమాపని అని రాశారు. ఆస్పత్రుల్లో మాత్రం అందరి నోటా పడిన పేరు మచ్చగడియారం. మూడేళ్లలో నలభై ఆస్పత్రులకు వెళ్లింది. పెద్ద పెద్ద సభల్లో తరళను వేదిక మీద కూర్చోబెట్టారు.

ఆ వేదికల మీద కూర్చున్న రోజుల్లో కూడా ఆమె మనసులో తిరుగుతున్న పేరు ఇంకొకటి. ఝాన్సీ.

తరళ భర్త భానోజీ సముద్రపు గోడ ఇంజనీరు. కడలి మట్టం పెరిగాక భీమిలి నుంచి కళింగపట్నం దాకా కట్టిన ఆ గోడకు ఎక్కడ పగులు వచ్చినా చూసుకోవాల్సింది అతనే. నెలలో పదిహేను రోజులు కళింగపట్నం మకాంలో ఉండేవాడు. ఝాన్సీ అక్కడి గజ ఈతగత్తె. నీళ్లలోకి దిగి గోడ పునాదులు తడిమి చూసి రావడం ఆమె ఉద్యోగం. భానోజీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే చాలు, ఝాన్సీ ఇవాళ ముప్ఫై అడుగులు దిగింది, ఝాన్సీ అలా అంది, ఝాన్సీ వాళ్ల ఊళ్లో ఎండుచేపలు ఇలా వేపుతారట. తరళ అన్నం కలుపుతూ వినేది. భానోజీ ఫోనులో ఝాన్సీతో గోడకి పట్టిన నత్తగుల్లల గురించి మాట్లాడుతూ నవ్వితే ఆ నవ్వులు లెక్కపెట్టేది. ఒకరోజు ఆరు, ఒకరోజు తొమ్మిది. తనతో మాట్లాడేటప్పుడు ఎన్నిసార్లు నవ్వాడో కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాక, ఆ లెక్క ఆపడం ఆమె చేతిలో లేకపోయింది.

అలాంటప్పుడు, 2072 మొదట్లో, భానోజీ తన అద్దాన్ని ముఖం వరకే చూపించేలా మార్చుకున్నాడు. తరళ గమనించింది గానీ అడగలేదు. తర్వాత అతను గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి భుజం మీద పడితే "అలసిపోయాను" అనేవాడు. అతని చొక్కాలు ఉతకడానికి వేసేముందు తరళ వాసన చూసేది. ఉప్పు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. ఝాన్సీకి కూడా ఉప్పు వాసనే ఉంటుంది కదా అనుకునేది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భానోజీ కంచం ముందు నుంచి లేవకుండా కూర్చున్నాడు.

"తరళా, నీకో మాట చెప్పాలి."

తరళ ఏడెనిమిది నెలలుగా ఎదురుచూస్తున్న మాట వచ్చేసిందనుకుంది.

"నాకు వంకర వచ్చింది," అన్నాడతను ఎండిపోతున్న ఎంగిలి చేతిని చూసుకుంటూ. "నువ్వు రోజూ చూసే జబ్బే. మొదట్లో నొప్పి పెట్టేది. ఇప్పుడు తగ్గింది గానీ..."

"ఎన్నాళ్ల నుంచి?"

"తెలీదు. చాన్నాళ్లే అయింది. ఊళ్లో వాళ్లందరికీ వైద్యం చేస్తున్నావు, ఇంట్లోనే ఒకడు తయారయ్యాడంటే నీకేమనిపిస్తుందోనని..."

తరళ లేచి వచ్చి అతని తల పొట్టకు హత్తుకుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ అతన్ని అనుమానించినందుకు సిగ్గుపడింది. జబ్బు కదా, ఉత్త జబ్బే కదా అని లోలోపల పొంగిపోయింది. ఆ పొంగు సరిగ్గా రెండు రోజులుంది.

సొంతవాళ్లకు తాను పరీక్ష చేయకూడదు కాబట్టి తరళ అతన్ని డాక్టర్ పైడిరాజుకు అప్పగించింది. అరవై దాటిన పైడిరాజు తరళ పనిచేసే సంస్థలో అందరికంటే పెద్ద. యంత్రాలు వచ్చాక కూడా వేళ్లతో తడిమి చూడందే ఏ రోగినీ పంపించేవాడు కాదు. తెర అవతల అతను మాట్లాడుతుంటే తరళకు వినపడుతూనే ఉంది.

"సిగ్గెందుకు బాబూ, ఈ గదిలో కొన్ని వేలమందిని చూశాను. దెబ్బేమైనా తగిలినట్టు గుర్తుందా? లేదా? సరే. నొప్పి పెట్టి ఎన్నాళ్లయింది? మీ నాన్నగారికి ఇలాంటిదేదైనా ఉండేదా? ఏదీ, చేతులిలా పెట్టు... ఊఁ."

తర్వాత సూదిమందు ఇచ్చి, అంగం స్తంభించాక ధ్వని తరంగాలతో లోపలి బొమ్మ తీసి, వంకర ఎంతుందో కోణమాపనితో కొలిచాడు. ముప్ఫై అయిదు డిగ్రీలు, పైకీ ఎడమకీ. ఎడమ పక్క పొరలో బఠాణీ గింజంత గట్టి మచ్చ. చివరికి మచ్చగడియారం పెట్టి చూశాడు. బయటికొచ్చి తరళ భుజం తట్టాడు.

"భయం లేదమ్మా. మచ్చ చిన్నదే. పెరగడం దాదాపు ఆగింది. కోత కూడా అక్కర్లేదు, సూదిమందులతో చాలావరకు తగ్గిద్దాం. నా చీటీ రాసి పెట్టాను, తీరుబడిగా చదువుకో."

పైడిరాజు వెళ్లాడు. భానోజీ బట్టలు వేసుకుని భీమిలి వైపు గోడ పనికి వెళ్లిపోయాడు. గదిలో తరళా, యంత్రమూ మిగిలాయి. చీటీ బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని తీయలేదు. యంత్రాన్ని అడిగింది.

"మచ్చ వయసు చెప్పు."

"ఏడు నెలలకూ పదహారు నెలలకూ మధ్య," అంది మచ్చగడియారం. దాని గొంతు మగదీ కాదు, ఆడదీ కాదు. "ఒకే గాయం తాలూకు ఆనవాలు లేదు. నెమ్మదిగా పెరిగిన మచ్చ."

అక్కడితో ఆగి ఉండాల్సింది. పైడిరాజు ఆగాడు.

"తేదీ?"

"తేదీ చెప్పడానికి ఆధారాలు చాలవు."

"ఒకే గాయంతో వచ్చిందనుకో. అప్పుడు?"

"అలా అనుకోవడానికి ఆధారం లేదు. అనుకోమంటారా?"

"అనుకో."

"రెండువందల డెబ్భై రోజుల్లో ఏదైనా కావచ్చు."

తరళ ప్రశ్న మార్చింది. భానోజీ ఇంట్లో ఉన్న రోజులు తీసేసి చూడమంది. తాను విశాఖలో ఉన్న రోజులు తీసేయమంది. పోగుల ముడుల్లో ఏ కొంచెం తేడా ఉన్నా దాన్నే గాయంగా లెక్కించమంది. తన విద్యార్థులెవరైనా ఇలా అడిగి ఉంటే ఆమె ఆ పూటంతా వాళ్లకు చీవాట్లు పెట్టేది. పదకొండోసారి అడిగేసరికి యంత్రం అంది:

"తేదీ చెప్పి తీరాలంటే, 2071 నవంబరు పందొమ్మిది. అది నిజమయ్యే అవకాశం నూటికి ఆరు."

ఆరు అన్న మాట తరళ చెవిన పడలేదు. నవంబరు పందొమ్మిది పడింది. ఆ వారమంతా భానోజీ కళింగపట్నంలో ఉన్నాడు. తాను ఢిల్లీలో సభలో ఉంది. మూడు రోజులు అతని ఫోను పలకలేదు. తుపాను వల్ల అన్నాడు తర్వాత.

ఇన్నాళ్లూ ఆమె అసూయకు పేరుంది, ముఖముంది, నవ్వుల లెక్కుంది. లేనిదల్లా రుజువు. ఇప్పుడు తన చేతులతో తయారుచేసిన యంత్రమే రుజువు తెచ్చి ఇచ్చింది. ఆ తుపాను రాత్రికి కావాల్సిన ఊహలన్నీ ఆమెకు పట్టపగలే వచ్చేశాయి. గాలివాన, కరెంటు లేని గది, తడి జుట్టు విదిలించుకునే ఝాన్సీ. ఎలాంటి తొందరలో మనుషులకు అలాంటి దెబ్బలు తగులుతాయో తరళకు తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ చదువంతా ఆమె మీదికే తిరగబడింది.

మర్నాడు పొద్దున్న ఆమె భీమిలి వెళ్లి గోడబండి ఎక్కింది. సముద్రపు గోడ నెత్తిమీద నడిచే ఆ రైలు గంటన్నరలో కళింగపట్నం చేరుస్తుంది. ఒకపక్క నీళ్లు, ఒకపక్క ఊళ్ల కప్పులు. తరళ ఏ పక్కా చూడలేదు. అడగాల్సిన మాటలు పేర్చుకుంటూ కూర్చుంది.

ఝాన్సీ అప్పుడే నీళ్లలోంచి పైకి వచ్చి, మెట్ల మీద కూర్చుని కాళ్లకు పట్టిన నాచు గోకుతోంది. ముప్ఫై ఎనిమిదేళ్లుంటాయి. తరళ అనుకున్నంత అందగత్తె కాదు. ఆ సంగతి చూడగానే తరళకు ఊరట కలగలేదు. అందం లేకుండానే అన్ని నవ్వులు నవ్వించిందంటే ఇంకేముందో ఆమె దగ్గర అనిపించింది.

"ఏటి మేడం, ఇలాగొచ్చారు? సారుకి ఒంట్లో బాగోలేదా?" అంది ఝాన్సీ లేచి నిలబడి.

"బాగానే ఉన్నారు. పోయిన నవంబరు పందొమ్మిదిన ఇక్కడ ఏం జరిగింది?"

"నవంబరా? తుపానొచ్చింది గదా. పంపుల గదిలో దాక్కున్నాం మూడు రోజులు."

"ఎవరెవరు?"

"ఎవరెవరేటి, నలభై మందిమి. పొర్లడానికి చోటు లేదు. ఒకళ్ల మీద ఒకళ్లు కాళ్లేసుకుని తొంగున్నాం. మా అమ్మ కూడా ఉంది. సారు గుమ్మం కాడ కూచుని మూడు రోజులూ ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకున్నారు, మీకు తగులుతాదేమోనని." ఝాన్సీ తరళ ముఖంలోకి చూసింది. ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "మేడం, ఇంత దూరం వొచ్చారు. మీరడగాలనుకున్నది సూటిగా అడగండి. నాకేటీ బాధ లేదు."

తరళ పేర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

"మీరు అడక్కపోవడమే అడిగినట్టుంది," అంది ఝాన్సీ. కోపం తెచ్చుకోలేదు. కూర్చుని మళ్లీ నాచు గోక్కుంటూ అంది: "నన్నడిగే బదులు సారు చెయ్యి చూడాల్సింది మీరు. డాట్రు గదా. కుడి చేతి ఉంగరం వేలు సాగట్లేదు ఆయనకి. అరిచేతిలో తాడులాగ గట్టిగా ఉంటాది. రెండేళ్ల నుంచీ తాడు సరిగ్గా పట్టుకోలేకపోతన్నారు, నేనే పట్టుకుంటన్నాను. వాళ్ల నాన్నకీ అలాగే వేళ్లు ముడుచుకుపోయాయంట. మీకు తెల్దా?"

మామగారిని తరళ చూడలేదు. ఆమె కోడలై వచ్చేసరికే ఆయన పోయారు. వేళ్ల సంగతి భానోజీ ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. లేక చెప్పాడేమో, తాను నవ్వులు లెక్కపెడుతూ వినలేదేమో.

నిన్న చదవకుండానే సంచిలో పడేసుకున్న పైడిరాజు చీటీని తరళ తిరుగుబండిలో తెరిచింది. మూడో వరుసలో ఉంది. కుడి అరచేతిలో తాడులాంటి గట్టిదనం. తండ్రికీ ఉండేదని రోగి చెప్పాడు. మచ్చ వంశపారంపర్యంగా వచ్చినదే కావచ్చు, గాయం ఆధారాలు లేవు. అరచేతి తాడుకీ అంగంలో మచ్చకీ చుట్టరికం ఉంటుందని ఆమె తన మొదటి ఏడాది విద్యార్థులకు చెప్పే పాఠమే. ఒకే రకం పొర, ఒకే రకం మచ్చ, ఒంట్లో రెండు చోట్ల. ఆ రోగ నిర్ణయానికి యంత్రం కూడా అక్కర్లేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు.

ఝాన్సీ పట్టుకుంది. అది తలుచుకున్నప్పుడు మళ్లీ భగ్గుమంది తరళకు. ఏ తప్పూ లేదని తెలిశాక కూడా ఆ మంట ఆరలేదు. తన మొగుడి వేలు సాగడం లేదని రెండేళ్లుగా ఇంకో ఆడదానికి తెలుసు. తనకు తెలియదు. ఇంతకంటే పాపం చేసి ఉన్నా బాగుండేదేమో, కోప్పడటానికి వీలుండేది.

ఇంటికొచ్చేసరికి భానోజీ బెండకాయలు తరుగుతున్నాడు. కత్తి పట్టిన చేతిలో ఉంగరం వేలు కొక్కెంలా వంగి ఉంది. తరళ అతని ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేసింది. నవ్వుల లెక్క, చొక్కాల వాసన, పదకొండు ప్రశ్నలు, కళింగపట్నం. ఏదీ దాచలేదు.

భానోజీ కత్తి కింద పెట్టాడు.

"ఏడాది సిగ్గుపడి చచ్చి, నీ దగ్గరికొచ్చి నోరు తెరిచాను," అన్నాడు. "నన్నడగొచ్చు కదా తరళా. పక్కనే పడుకుంటాను. నన్నడక్కుండా నా మచ్చనడిగావా?"

ఆమె ముందున్న బెండకాయ ముక్కలు ఒకచోటికి పోగుచేసింది.

"ఝాన్సీ ముందు నేనిప్పుడు ఎలా నిలబడాలి?"

అతను మిగిలిన బెండకాయలు తరిగి, కూర వండి, ఇద్దరికీ వడ్డించాడు. పది రోజులపాటు ఉప్పూ పప్పూ తప్ప వేరే మాట మాట్లాడలేదు.

ఆ పది రోజులూ తరళ సంస్థలో కూర్చుని నలభై ఆస్పత్రుల మచ్చగడియారాలు దాచుకున్న సంభాషణలన్నీ తెప్పించి చదివింది. తానొక్కతే అలా అడిగిందా అని చూద్దామని మొదలుపెట్టింది. నూటికి డెబ్భై కేసుల్లో వైద్యుడు వెళ్లిపోయాక ఎవరో ఒకరు యంత్రం దగ్గరికి తిరిగి వచ్చారు. భార్యలు వచ్చారు. మామలు వచ్చారు. లాయర్లు వచ్చారు. కొన్నిచోట్ల రోగులే వచ్చి, ఏ రోజున ఏ తప్పుకి తమకీ శిక్ష పడిందో చెప్పమని బతిమాలారు. తెలియదన్న జవాబు తీసుకుని వెళ్లినవాళ్లు తక్కువ. అడిగినకొద్దీ యంత్రం తేదీ ఇచ్చింది. నాలుగు శాతం, ఆరు శాతం, మూడు శాతం. ఆ తేదీల మీద ఎన్ని కాపురాలు కూలాయో లెక్కతేల్చే యంత్రం ఎక్కడా లేదు.

పైడిరాజు ఆ కాగితాలు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మగాళ్ల సిగ్గు పోగొట్టడానికి చేశావమ్మా నువ్వు. మనుషులు దాన్ని పోలీసుని చేశారు. ఏం చేద్దామంటావు?"

"తేదీ తీసేద్దాం," అంది తరళ. "పెరుగుతోందా, నిలిచిందా. వైద్యానికి కావాల్సింది ఆ రెండు ముక్కలే. ఎన్నిసార్లు అడిగినా, ఎవరడిగినా ఇంకేమీ చెప్పకూడదు."

అలాగే చేశారు. కొన్ని ఆస్పత్రులు గోల పెట్టాయి, కొత్త యంత్రం పాతదానికంటే తెలివితక్కువదని పత్రికల్లో రాశారు. తరళ వెనక్కి తగ్గలేదు. కళింగపట్నం మళ్లీ వెళ్లి ఝాన్సీకి క్షమాపణ చెప్పుకుంది. ఝాన్సీ ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టి పంపించింది. ఆ చేపలు వేపుతుంటే తరళకు మళ్లీ నవ్వుల లెక్క గుర్తొచ్చింది గానీ, ఓర్చుకుని తిన్నది.

వైద్యం బాగా పనిచేసింది. పైడిరాజు వారం వారం సూదిమందు ఇచ్చాడు. ఇంట్లో కొలుచుకోవడానికి అగ్గిపెట్టెంత పరికరమొకటి ఇచ్చాడు, దాన్ని మీట అనేవాళ్లు. దాన్ని ఒంటికి ఆనించి లాగితే మచ్చ బొమ్మ నేరుగా సంస్థలోని మచ్చగడియారానికి చేరేది, దాంతో మాట్లాడటానికీ వీలుండేది. ముప్ఫై అయిదు డిగ్రీలు పద్దెనిమిదికి దిగాయి. భానోజీ మళ్లీ ఇటు తిరిగి పడుకున్నాడు. క్షమించానని నోటితో అనలేదు గానీ, అద్దం ముందు ముఖమొక్కటే చూపించడం మానేశాడు. తరళ నవ్వులు లెక్కపెట్టడం మానింది. కనీసం పైకి మానింది.

మరుసటి ఏడు జనవరిలో, కొత్త యంత్రం మాట మీద నిలబడుతోందో లేదో చూద్దామని తరళ సంభాషణల పట్టీ తెరిచింది. చాలామంది ఇంకా తేదీలు అడుగుతూనే ఉన్నారు. యంత్రం చెప్పడం లేదు. వరుసగా చదువుతూ ఒక చోట ఆగింది.

అది మగవాళ్ల మచ్చ కాదు. ఎడమ భుజం వెనక అంగుళమున్నర పొడవున్న మచ్చ. నలభై ఆరేళ్ల స్త్రీది. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు, ఇంటి మీటతో తీసిన బొమ్మ. మీట భానోజీది. ఆదివారాలు ఆ వేళకు తరళ బోర్లా పడుకుని కాసేపు కునుకు తీస్తుంది.

కింద అతని ప్రశ్నలున్నాయి.

ఇది ఎప్పటి గాయం? నిలిచిన మచ్చ, అంది యంత్రం. ఉయ్యాల మీంచి పడితే తగిలిందా? చెప్పలేను. చిన్నప్పటిదా, పెద్దయ్యాకదా? చెప్పలేను. ఇరవై ఏళ్లు దాటాక తగిలిందనుకో. అనుకోవడానికి వీల్లేదు. దయచేసి చెప్పు. చెప్పలేను.

తొమ్మిదిసార్లు అడిగాడు.

తరళకు ముందు ఒళ్లు మండింది. నిద్రపోతున్న మనిషి భుజం మీద మీట పెట్టి లాగుతాడా! తర్వాత తన పదకొండు ప్రశ్నలు గుర్తొచ్చి మంట దిగిపోయింది. ఆ తర్వాత వచ్చినదాన్ని మాత్రం ఆమె ఎవరితోనూ ఒప్పుకోలేదు. సంతోషం. ఇరవై ఏళ్ల కాపురంలో మొదటిసారి, అతనికి కూడా తన మీద అసూయ ఉందని తెలిసింది. పంపుల గది గుమ్మంలో కూర్చుని ఫోను గాల్లోకి ఎత్తిన మనిషి ఇంత చిన్నపనికి దిగాడంటే, ఆమెకు ముద్దొచ్చాడు.

ఆ సంతోషం వెనకే భయం వచ్చింది. ఎందుకంటే ఉయ్యాల మాట అబద్ధం.

పెళ్లయిన కొత్తలో భానోజీ ఆ మచ్చ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడ్డానని తరళ నోటికొచ్చింది చెప్పేసింది. నిజానికి అది అనంతగిరి ఘాట్ రోడ్డులో తగిలింది. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. బండి నడిపిన మనిషిని పెళ్లి చేసుకుందామనుకుంది. అతని పేరు ఈ ఇంట్లో ఆమె ఒక్కసారి కూడా పలకలేదు. తప్పు లేని మచ్చని పట్టుకుని కళింగపట్నం దాకా వెళ్లింది. అబద్ధమున్న మచ్చ తన భుజం మీదే మోస్తోంది. తేదీ చెప్పకూడదని యంత్రం నోరు కట్టేసింది కూడా తానే. ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. ఈ లోకంలో ఏ యంత్రమూ అతనికి చెప్పదు.

పట్టీ మూసేసి మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరింది. దారిలో రెండుసార్లు వెనక్కి వెళ్దామనుకుంది.

భానోజీ వసారాలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. ఆమెను ఆ వేళప్పుడు చూసి ఆశ్చర్యపోయాడు.

"నా భుజం మీద మచ్చ ఉయ్యాలది కాదు," అంది తరళ చెప్పులు కూడా విప్పకుండా. "2048, మార్చి ఏడు. శనివారం సాయంత్రం నాలుగున్నర. అనంతగిరి ఘాట్‌లో మలుపు దగ్గర బండి జారి పడ్డాను. ఆరు కుట్లు పడ్డాయి. ఇది నూటికి నూరు."

అతను తలెత్తలేదు. తన ప్రశ్నలు ఆమెకెలా తెలిశాయని అడగలేదు. మీట సంగతి ఎత్తలేదు. చేతిలో ఉన్న తువ్వాలు నిదానంగా నాలుగు మడతలు పెట్టాడు. వంగిన వేలితో అంచులు సరిచేశాడు. దాన్ని దొంతర మీద పెట్టి, ఇంకో తువ్వాలు తీసుకున్నాడు.

తరళ చెప్పులు విప్పడానికి వంగింది.

"బండి ఎవరు నడిపారు?" అన్నాడు భానోజీ.